మడమ నొప్పితో వచ్చిన ఇద్దరు

మడమ నొప్పితో ఎవరూ చచ్చిపోరు. అందుకే ఇంట్లోవాళ్ళు దాన్ని పట్టించుకోరు, డాక్టర్లూ పెద్దగా పట్టించుకోరు. నేను ఆయుర్వేద కళాశాలలో చదివే రోజుల్లో దీనికి పాఠంలో దక్కిన చోటు నాలుగైదు వాక్యాలు. వాతకంటకం అని పేరు. వాతం ముల్లులా మారి మడమలో గుచ్చుతుందని అర్థం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తే రాసేవాళ్ళం, రాకపోతే మర్చిపోయేవాళ్ళం.

ఉద్యోగంలో చేరాక చూస్తే నా గదిలోకి రోజూ కుంటుకుంటూ వచ్చింది ఆ రెండు మార్కుల ప్రశ్నే.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీల్లో పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగా చేరిన డాక్టర్లు ఫోన్ చేసి, "మేడమ్, మడమ నొప్పికి మీరు ఏ నూనె వాడేవారు? ఏ కషాయం ఇచ్చేవారు?" అని అడుగుతుంటారు. అడిగినది చెబుతాను. కానీ ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది నూనె పేరు కాదు. ఇద్దరు మనుషుల దగ్గర నేర్చుకున్నాను. ఒకరికి నా చేతులతో కీడు చేశాను. రెండోవాడికి చేసినది మేలో కీడో ఇప్పటికీ అతనూ నేనూ ఒక మాట మీదికి రాలేదు. పేర్లు మార్చి రాస్తున్నాను.

వచ్చేవాళ్ళూ, మనం చేసేదీ

మడమ నొప్పి మనిషి గుమ్మంలోకి రాగానే తెలిసిపోతుంది. మునివేళ్ళ మీద నడుస్తూ వస్తారు. అందరూ చెప్పేది ఒకటే మాట. "పొద్దున్న లేసి కాలు కింద ఎడితే పేనం పోతన్నాదమ్మా. నాలుగడుగులేస్తే సదురుకుంటాది." నెల్లిమర్ల దగ్గర డిస్పెన్సరీలో ఉన్నప్పుడు జనపనార మిల్లులో షిఫ్టంతా నిలబడేవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. వాళ్ళ తర్వాత, గట్ల మీద ఒట్టి కాళ్ళతో తిరిగే రైతులు, గచ్చు మీద నిలబడి వంట చేసే ఆడవాళ్ళు, బడి పంతుళ్ళు.

మన దగ్గర దీనికి ఉన్న చికిత్సలు చాలా పాతవి, చాలా మామూలువి. నువ్వుల నూనెతో మర్దన. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో కాలు పెట్టడం. పడుకునే ముందు కొద్దిగా ఆముదం తాగించడం. ఇటుక కాపడం. అంటే ఇటుకను నిప్పుల మీద కాల్చి, దాని మీద పులిసిన గంజి తరవాణి చల్లి, జిల్లేడాకులు పరిచి, గుడ్డ చుట్టి, మడమను దాని మీద ఆనించి ఆనించి తీయడం. మొండి నొప్పులకు అగ్నికర్మ. దాన్ని మా వైపు సెగ పెట్టడం అంటారు. కాల్చిన లోహపు పుల్లతో నొప్పి ఉన్న చోట చుక్కలు చుక్కలుగా తాకించి, పైన కలబంద గుజ్జు రాస్తాం.

ఇవి పనిచేస్తాయా అంటే, నొప్పిని తగ్గిస్తాయి. నా కళ్ళతో చూశాను. అయితే ఇంకొకటి కూడా చూశాను. చాలా మడమలు కొన్ని నెలల్లో వాటంతటవే బాగవుతాయి, ఆ పేరు ఆఖరున వైద్యం చేసినవాడికి వస్తుంది. ఆ ఆఖరివాడు మీరే అయినప్పుడు పొంగిపోకండి. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని ఏడుస్తూ వచ్చేవాళ్ళుంటారు. అలా పెరిగినా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు ఎందరో ఉన్నారని వాళ్ళకు చెప్పండి. సగం నొప్పి అక్కడే తగ్గుతుంది.

ఇక "విశ్రాంతి తీసుకోండి" అనే మాట. నా సర్వీసులో నేను ఎక్కువసార్లు చెప్పినదీ, జనం తక్కువసార్లు విన్నదీ అదే. తప్పు వాళ్ళది కాదు. షిఫ్టు మానేసి కూర్చోమని మిల్లు మనిషికి చెప్పడం సలహా కాదు. ఏ పని కూర్చుని చేయవచ్చో, ఏ పని ఇంట్లో ఇంకొకరు చేయగలరో అడిగి చెప్పడం సలహా. ఇది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఆచార్యులు గారు

నెల్లిమర్ల దగ్గర నా పై అధికారి ఆచార్యులు గారు. తరతరాలుగా కోవెల కైంకర్యంలో ఉన్న కుటుంబం. శాస్త్రం ఆయనకు కంఠస్థం. తెల్లటి పంచె కట్టుకుని, రోగి చెప్పేది అడ్డురాకుండా చివరిదాకా వినేవారు. నేను కొత్తవలస అవతల పల్లెలో వరి పండించే ఇంటి నుంచి వచ్చినదాన్ని. చదివానేగానీ చేతి పని తెలియదు. ఇటుకను ఎంత కాల్చాలో, గుడ్డ ఎన్ని మడతలు వేయాలో అన్నీ ఆయనే నేర్పారు.

"చూడమ్మా, ముందు నీ ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకో. నువ్వు ఓర్చుకోగలిగితే రోగి ఓర్చుకుంటాడు" అనేవారు.

అది మంచి పాఠమే. కానీ అందులో ఒక లోటు ఉంది. ఆ లోటు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అప్పల్నాయుడు

నేను చేరిన రెండో ఏడు అప్పల్నాయుడు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మిల్లులో పని, ఊళ్ళో కొద్దిగా పొలం. భార్య పైడమ్మ వెంట వచ్చింది. కుడి మడమ నొప్పి, అరికాళ్ళు మంట, తిమ్మిరి అన్నాడు. మంట, తిమ్మిరి అన్న మాటలు కేస్ షీటులో నేనే రాశాను. రాసి, వాటి గురించి ఆలోచించలేదు. మడమ నొక్కి చూసి, వాతకంటకం అని రాసి, ఇటుక కాపడం మొదలుపెట్టాను. డిస్పెన్సరీలో మంచి ఇటుక లేకపోతే పైడమ్మ ఇంటి నుంచి ఒకటి తెచ్చింది.

రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు ఇటుకను నా ముంజేతికి ఆనించి చూసుకున్నాను. వేడిగా ఉంది, ఓర్చుకోగలిగేలా ఉంది. అతని మడమ దాని మీద పెట్టాను.

"ఏడి తగల్లేదు డాట్రమ్మా" అన్నాడు.

ఒక మడత గుడ్డ తీశాను.

"ఇంకా సాల్లేదు. గట్టిగా ఎట్టండి, పరవాలేదు. నాను ఓర్సుకుంటాను."

ఇంకో మడత తీసి, కాలిని పట్టి ఆనించి ఉంచాను. ఈసారి ఇటుకను నా చేతి మీద చూసుకోలేదు. అతను నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మిల్లులో ఎవరో పాట పాడతాడనీ, సైరన్ మోగినా ఆపడనీ చెబుతున్నాడు. అంత హాయిగా కాపడం పెట్టించుకున్న రోగిని చూసి నేను సంతోషించాను కూడా.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పైడమ్మ ఒక్కతే వచ్చింది.

"డాట్రమ్మా, ఓపాలి ఇంటికి రండి. కాలు వాసనొస్తన్నాది."

వెళ్ళి చూశాను. మడమ కింద బొబ్బ పగిలి, చర్మం నల్లబడి, లోపలి నుంచి చీము కారుతోంది. అప్పటికీ అతనికి నొప్పి లేదు. "నొప్పి పోయిందమ్మా, పుండే మానాల" అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైంది. నొప్పి పోలేదు. అతని కాలికి నొప్పి తెలియడం లేదు. వేడి కూడా తెలియలేదు. తెలియని కాలిని నేను ఇటుక మీద పెట్టి అదిమాను.

ఆ పూటే విజయనగరం పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ చేసిన మొదటి పరీక్షలోనే సుగరు బాగా ఎక్కువగా ఉందని తేలింది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. నేను అడగలేదు.

కాగితం మీద రాసినది

ఆసుపత్రికి పంపేటప్పుడు ఆచార్యులు గారు ఉత్తరం రాశారు. 'రోగి ఇంటివద్ద స్వయంగా ఇటుక కాపడం పెట్టుకొనుట వలన కాలిన గాయము' అని ఉంది అందులో. చదివి ఆయన వైపు చూశాను.

"ఇటుక వాళ్ళింటిదే కదమ్మా" అన్నారు. ఆగి, "నువ్వు కొత్తదానివి. ఇది బయటికి వస్తే నీ ఒక్కదానికే కాదు, శాస్త్రానికే చెడ్డపేరు. నేను చూసుకుంటాను" అన్నారు.

ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. ఉద్యోగం పోతుందని భయం. నా తప్పును పెద్దాయన తన మీద వేసుకుంటున్నారని ఒక వంక కూడా దొరికింది. నిజానికి ఆయన తన మీద వేసుకోలేదు. వేరేవాళ్ళ మీద వేశారు. ఎవరి మీదో నాకు రెండు వారాలదాకా తెలియలేదు.

అప్పల్నాయుడికి చచ్చిన కండ తీసేశారు. కాలు ఉంటుందో ఉండదో తెలియని రోజులవి. రెండు వారాల తర్వాత ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు బయట వరండాలో పైడమ్మ గిన్నెలు కడుగుతోంది. పక్కన ఆమె అత్త గోడకు చేరబడి కూర్చుని ఉంది.

"పైడమ్మా, కాల్చింది నేనే. అతనికి సుగరుందేమోనని అడగలేదు. నా తప్పు" అన్నాను. దారంతా పెద్ద మాటలు కూర్చుకున్నాను గానీ ఇంతే వచ్చింది.

పైడమ్మ గిన్నె కింద పెట్టింది.

"నాకు తెలీదేటమ్మా? నానక్కడే ఉన్నాను గదా. ఆయన ఎట్టు ఎట్టు అన్నాడు, నువ్వు ఎట్టినావు. మరి పెద్ద డాట్రుగోరు మేమే కాల్సుకున్నామని ఎందుకు రాసినారు? ఇక్కడి డాట్రు అందరి ముందూ అది సదివి, 'మొగుడి కాలు కాల్సీసినావు గదే' అని నన్ను తిట్టినాడు. మా అత్త ఆయేల నుంచి నా సేతి కూడు తినలేదు."

ముసలమ్మ కోడలి వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు నోరెత్తలేదేటే?"

"ఎత్తితే నమ్ముతావేటి? డాట్రుగోరు రాసినాక?" అంది పైడమ్మ.

ఉద్యోగంలో నన్ను పై అధికారులు తిట్టిన సందర్భాలున్నాయి. వాటిలో ఒక్కటీ నాకు మాట మాటగా గుర్తు లేదు. పైడమ్మ అన్న ఈ రెండు వాక్యాలు గుర్తున్నాయి.

మర్నాడు ఆచార్యులు గారి ఎదుట నిలబడి జరిగింది చెప్పాను. ఉత్తరం మార్చి పంపాలన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత తెల్ల కాగితం నా వైపు జరిపి, "నువ్వే రాయి. నేను కూడా సంతకం పెడతాను" అన్నారు.

రాశాను. తర్వాత విచారణ వగైరా జరిగాయి, అవన్నీ ఇక్కడ అక్కర్లేదు. ఆయన నెలరోజులు నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ వారం నుంచే ప్రతి రోగినీ "సుగరుందా బాబూ, కాళ్ళు తిమ్మిర్లా?" అని అడగడం మొదలుపెట్టారు. కంఠస్థమైన శాస్త్రానికి ఆ వయసులో ఒక ప్రశ్న చేర్చుకున్నారు. నాకు గురువు ఎవరంటే ఇప్పటికీ ఆయన పేరే చెబుతాను. ఆయన తప్పు చేశారని కూడా చెబుతాను. రెండూ నిజాలే.

అప్పల్నాయుడి కాలు దక్కింది. మడమ దక్కలేదు. తొడ మీది చర్మం తెచ్చి అతికారు. మళ్ళీ షిఫ్టులో నిలబడలేకపోయాడు. ఇంట్లో కూర్చుని గోగునారతో తాళ్ళు పేనేవాడు. నేను బదిలీ అయ్యేదాకా నెలకోసారి వెళ్ళి కాలు చూసి వచ్చేదాన్ని. అతను నన్ను ఎన్నడూ నిష్టూరమాడలేదు. పైడమ్మ మంచినీళ్ళు ఇచ్చేది, కూర్చోమనేది కాదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. వేడి వైద్యం ఏది చేయాలన్నా ముందు రోగిని కళ్ళు మూసుకోమని, చీపురు పుల్లతో అరికాలును అక్కడక్కడా తాకి, ఎక్కడ తాకానో చెప్పమంటాను. చెప్పలేని కాలి దగ్గరికి నిప్పు రాదు. మన చెయ్యి ఎంత ఓర్చుకుంటుందన్నది లెక్క కాదు. అవతలి కాలికి తెలుస్తోందా లేదా అన్నదే లెక్క. ఓర్పు ఉన్న రోగికీ, స్పర్శ లేని రోగికీ పైకి తేడా కనిపించదు. ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు.

కామేశు

నా ఉద్యోగంలో ఆఖరి ఏళ్ళు శ్రీకాకుళం తీరంలో భావనపాడు వైపు గడిచాయి. అక్కడ మడమ నొప్పితో వచ్చేవాళ్ళలో సగం మంది కుర్రాళ్ళు. ఆర్మీ సెలక్షన్ల కోసం తెల్లవారగానే సముద్రపుటొడ్డున ఇసకలో పరిగెడతారు. కొద్దిరోజులు పరుగు ఆపి, పిక్కలు సాగదీసే కసరత్తు చేసి, నూనె పట్టిస్తే చాలావరకు సరిపోయేది.

కామేశుకు ఇరవై ఒక్కేళ్ళు. తల్లి నూకాలమ్మ చేపలమ్ముతుంది, తండ్రి లేడు. రెండు మడమలూ నొప్పి. అప్పటికి ఆరు నెలలైందట.

"ఇరవై రోజుల్లో పరుగున్నాది డాట్రమ్మా. సెగ ఎట్టీయండి. మా ఊరోళ్ళు సెప్పినారు, మీరు ఎడితే నొప్పి లాగేత్తాదని" అన్నాడు.

స్పర్శ చూశాను, బాగానే ఉంది. సుగరు లేదు. పుల్ల కాల్చడమే తరువాయి. అలవాటు కొద్దీ అడిగాను, "పొద్దున్న లేచినప్పుడు మడమలేనా? ఇంకేమైనా ఉందా?"

"నడుం పట్టేత్తాది. గంటసేపు వంగలేను. పరుగెడితే అదే ఇడిసిపోతాది."

నేను పుల్ల పక్కన పెట్టాను. పని చేస్తే పెరిగి, పడుకుంటే తగ్గే నడుం నొప్పి వేరు. పడుకుంటే బిగిసి, కదిలితే వదిలేది వేరు. "కన్ను ఎప్పుడైనా ఎర్రబడిందా?" అన్నాను. పోయిన వేసవిలో ఒకసారి బాగా ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయానన్నాడు. వెన్నుపూసలు మెల్లగా బిగుసుకుపోయే కీళ్ళ జబ్బు ఒకటుంది. ఆ వయసు కుర్రాళ్ళకే వస్తుంది. కొందరిలో ముందు మడమల్లో కనిపిస్తుంది. అదేమోనని నా అనుమానం.

విశాఖపట్నంలో కీళ్ళ డాక్టరుకు చీటీ రాసిచ్చి, పరుగు మానమన్నాను. సెగ పెట్టనన్నాను.

నూకాలమ్మ బల్ల మీద చెయ్యి వేసింది. "ఏటమ్మా ఇది? ఒక్క సుక్క సెగ ఎట్టడానికి విశాపట్నం ఎల్లమంటావేటి? ఆడు రెండేళ్ళ నుంచి పరుగెడతన్నాడు. ఈపాలి తప్పితే వయసు దాటిపోద్ది."

"నొప్పి తగ్గిస్తే పరిగెడతాడు. లోపల జబ్బు ఉంటే అది పెరుగుతుంది. తర్వాత వెన్ను వంగిపోతుంది" అన్నాను.

"జబ్బుందని నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలియదు. అందుకే వెళ్ళమంటున్నాను."

"తెలీకుండానే నా కొడుకు నోటికాడ కూడు లాగేత్తన్నావు" అంటూ లేచింది. కామేశు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళు విశాఖపట్నం వెళ్ళలేదు. పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర సెగ పెట్టించుకున్నారు. పరుగు రోజు మూడో రౌండు దాకా ముందువరసలోనే ఉండి, నడుం పట్టేసి ఆగిపోయాడని తర్వాత విన్నాను. ఏడాది తిరక్కుండానే తల్లి భుజం పట్టుకుని వచ్చాడు. మెడ తిప్పలేకపోతున్నాడు. ఈసారి చీటీ రాసివ్వకుండా, సెలవు పెట్టి నేనే వాళ్ళతో బస్సెక్కాను. జబ్బు అదేనని అక్కడి డాక్టరు తేల్చారు. మందులు మొదలుపెట్టారు. నేను ఆ డాక్టరుకు చెప్పి, నూనె మర్దన, కసరత్తు మాత్రం చూసుకున్నాను. ఆయుర్వేదంలో దీనికి మందు లేదా అని కొందరు సహాధ్యాయులు నన్ను ఎత్తిపొడిచారు. నాకు తెలిసినంతలో ఆ వెన్నును నిలబెట్టగలనన్న నమ్మకం నాకు లేదు. లేని నమ్మకాన్ని రోగి మీద ప్రయోగించలేను.

రెండేళ్ళకు కామేశు నిటారుగా నడిచాడు. పడవ ఇంజన్ల రిపేరు నేర్చుకున్నాడు. ఆర్మీ మాట అయిపోయింది. డిస్పెన్సరీ ముందు నుంచే రోజూ బండి మీద వెళ్ళేవాడు, తల తిప్పి చూసేవాడు కాదు. సెగ పెట్టి ఉంటే ఎంపికయ్యేవాణ్ణని ఊళ్ళో చెప్పుకునేవాడట. అయ్యేవాడేమో. నేను ఆ రోజు సెగ పెట్టి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. పక్క ఊరి ఆయన పెట్టిన సెగకూ నేను పెట్టే సెగకూ తేడా ఉండేదేమో కూడా చెప్పలేను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ పెట్టను. అంతవరకే చెప్పగలను.

రిటైరవడానికి కొద్దిరోజుల ముందు, ఓపీ ముగిసే వేళ బండి ఆగిన చప్పుడైంది. కామేశు లోపలికి వచ్చాడు. వెనక నూకాలమ్మ గుమ్మం పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఉంది.

"మా అమ్మకి మడమ. పొద్దున్న కాలు కింద ఎట్టలేకపోతన్నాది" అన్నాడు.

"పక్క ఊళ్ళో సెగ పెట్టే ఆయన ఉన్నాడు కదయ్యా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఆడికాడికి ఎల్తానన్నాది. నానే వద్దన్నాను." నా మొహం వైపు చూడకుండా బల్ల అంచు వైపు చూస్తూ మాట్లాడాడు. "మీ మీద నాకు కోపం పోనేదు డాట్రమ్మా. ఆర్మీవోళ్ళ బండి ఎదురైతే ఇప్పటికీ కడుపు మండుతాది. అది వేరు. మా అమ్మని సూడండి."

నూకాలమ్మను బల్ల మీద కూర్చోబెట్టాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుని కాలు చాచింది. నేను నేల మీద కూర్చుని, ఇసక అంటిన ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.